సూటు లోపలి ఎండ

మే నెలలో పాల్వంచలో ఎండ 45 డిగ్రీలు దాటితే అందరం జాగ్రత్తపడతాం. వానలు పడి 31కి దిగిన రోజున ఎవరికీ భయముండదు. నాకు మాత్రం ఆ రోజు గురించే దిగులు.

ఇక్కడి కేటీపీఎస్ లాంటి థర్మల్ విద్యుత్ కేంద్రాల్లో బాయిలర్ నీటిని శుద్ధి చేసే డీఎం ప్లాంటు ఉంటుంది. అక్కడ హైడ్రోక్లోరిక్ ఆమ్లం, కాస్టిక్ సోడా వాడతారు. ఆమ్లం పైపు కారితే బాగుచేసే మనిషి తలతో సహా ఒళ్లంతా కప్పే ప్లాస్టిక్ సూటు తొడుక్కోవాల్సి వస్తుంది. ఆమ్లం లోపలికి రాదు, చెమట ఆవిరి బయటికీ పోదు. లీటరు చెమట ఒంటి మీద ఆరితే సుమారు 2,400 కిలోజౌళ్ల వేడి పోతుంది. ఆరకుండా కారిపోతే ఒంట్లో నీరూ ఉప్పూ తగ్గడమే తప్ప చల్లబడేది లేదు.

వేడిని లెక్కగట్టడానికి డబ్ల్యూబీజీటీ అనే కొలత ఉంది. 1950ల్లో అమెరికా మెరైన్ల శిక్షణ శిబిరాల్లో వడదెబ్బలు ఆపడానికి పుట్టింది. ఆరుబయట తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు అంకెలో 70 శాతం, నల్లటి గోళంలో పెట్టినదానిలో 20, మామూలుదానిలో 10 శాతం తీసుకుని కలుపుతారు. మన వానాకాలపు రోజున ఇవి 25, 35, 31 అనుకుందాం. 27.6 వస్తుంది. వేడికి అలవాటుపడ్డ మనిషి ఓ మోస్తరు పనికి ఐఎస్ఓ 7243 అనే అంతర్జాతీయ ప్రమాణం పెట్టిన హద్దు 28. నూలు బాయిలర్ సూటుకి అదనంగా ఏమీ కలపక్కర్లేదు. తల కూడా కప్పే, ఆవిరి పోనివ్వని సూటుకి మాత్రం 11 కలపాలి. అంటే 38.6!

ఒంటి లోపలి వేడి ఎన్ని నిమిషాల్లో 38 డిగ్రీలకు చేరుతుందో ముందే చెప్పే ఐఎస్ఓ 7933 లెక్క కూడా ఉంది. కానీ ఆవిరి పోనివ్వని సూట్లకు అది వర్తించదని ఆ ప్రమాణంలోనే రాసి ఉంది.

కాబట్టి మనిషినే కొలవాలి. 1998లో డేనియల్ మొరాన్, సహచరులు ఒంటి వేడినీ గుండె వేగాన్నీ కలిపి 0 నుంచి 10 దాకా ఒక సూచిక కట్టారు. అంత సరంజామా లేకపోయినా నాడి పట్టుకోవచ్చు. 180 లోంచి వయసు తీసేస్తే వచ్చే అంకెను దాటి గుండె కొన్ని నిమిషాలపాటు కొట్టుకుంటున్నా, పని ఆపిన నిమిషానికి కూడా 120 మీదే ఉన్నా ఆ మనిషిని బయటికి తీసుకురావాలి.

ఓవర్‌హాలింగ్‌కి వచ్చే కొత్త కాంట్రాక్టు కార్మికుడికి, వేడి అలవాటు లేకపోతే, హద్దు 28 కాదు, 26. కొత్తవాణ్ణి మొదటి రోజు మామూలు సమయంలో ఐదో వంతే వేడిలో ఉంచి, రోజుకి అంతే పెంచుకుంటూ పొమ్మని అమెరికా సంస్థ నియోష్ చెబుతుంది. రోజుకూలీకి వచ్చినవాడు దాన్ని పాటించాలంటే మిగతా గంటలకూ కూలి కట్టి ఇవ్వాలి.