మిఠాయి డబ్బా సరే, బ్రష్షు ఎవరు ఇస్తారు?

మన సోలాపూర్ తెలుగువాళ్ళలో దానధర్మాలకు కొదవ లేదు. మనుమడి పుట్టినరోజు వచ్చినా, తల్లిదండ్రుల తిథి వచ్చినా, నారళీ పున్నమికి మార్కండేయుడి రథం చూసి వచ్చినా, ఏదో ఒక బాలగృహానికి పోయి పిల్లల నోరు తీపి చేసి వస్తాం. లడ్డూలు, పేఢాలు, చాక్లెట్లు, క్రీమ్ బిస్కెట్లు. ఇచ్చే చెయ్యి మంచిదే. కాని ఆ తీపి తిన్న నోటి సంగతి ఎవరు చూస్తున్నారు? ఈసారి దాని గురించి నాలుగు మాటలు.

బాలగృహంలో ఉన్న పిల్లలందరూ తల్లీ తండ్రీ లేనివాళ్ళు కారు. తండ్రి పోతే, తల్లి బీడీలు చుట్టి ముగ్గురిని సాకలేక ఒకరిని అక్కడ ఉంచుతుంది. అంటే వాళ్ళు పరాయి పిల్లలు కారు, మన గల్లీ పిల్లలే.

ఇంట్లో పిల్ల నవ్వితేనే తల్లికి పన్ను మీద నల్లమచ్చ కనబడుతుంది. ముద్ద ఒకదిక్కే నములుతుంటే "ఏమైందే?" అని అడుగుతుంది. 40 మంది పిల్లలకు ఇద్దరు మావశీలు ఉన్నచోట ఆ చూపు ఎక్కడి నుంచి వస్తుంది? వంట, స్నానాలు, బడికి పంపుడు, బట్టలు, జ్వరాలు, ఇన్నిటిలో ఒక్కొక్కరి నోరు తెరిచి చూసే తీరిక వాళ్ళకు లేదు. మావశీలను తప్పుపట్టి లాభం లేదు.

పోయిన ఏడాది ఒక బాలగృహంలో భోజనాలు వడ్డిస్తుంటే, 8 ఏళ్ళ పిల్లవాడు భాకరీని పప్పులో నానబెట్టి మింగుతున్నాడు.

"ఏం బిడ్డా, నమలవా?"

"కుడిదిక్కు కొరికితే సులుక్కుమంటది తాతా."

"మావశీకి చెప్పలేదా?"

"చెప్తే పన్ను పీకిపిస్తరు."

నోరు తెరిపించి చూస్తే వెనక పన్నులో గుంత. "పాలపన్నేలే, ఊడిపోయి కొత్తది వస్తది" అన్నాడు పక్కనున్న ఒక పెద్దమనిషి. దవాఖానకు తీసుకుపోతే డాక్టరమ్మ చెప్పింది, అది పాలపన్ను కాదని. పురుగు వేరుదాకా పోయింది, నింపడానికి పన్ను మిగలలేదు. తీసేయవలసి వచ్చింది. ముందే తెచ్చి ఉంటే సిమెంటు పెట్టి నిలబెట్టేవాళ్ళమని అన్నది.

చాలామంది మోసపోయేది ఇక్కడే. పాలపండ్లు 20. అవి ఊడి కొత్తవి వస్తాయని అందరికీ తెలుసు. కాని 6 ఏళ్ళ వయసులో, పాలపండ్ల వెనక, ఏ పన్నూ ఊడకుండానే పైన రెండు, కింద రెండు పెద్ద దవడపండ్లు వస్తాయి. అవి జీవితాంతం ఉండవలసినవి. పోతే మళ్ళీ రావు. 6, 7 ఏళ్ళ పిల్లవాడు బ్రష్షు అంత వెనకకు పోనివ్వడు. అందుకే ముందుగా పుచ్చేవి ఎక్కువగా అవే. పాలపండ్లనూ వదిలేయకూడదు. చీము పడితే తిండి పోతుంది, నిద్ర పోతుంది, బడి పోతుంది. కాలం కాకముందే తీసేస్తే పక్కపండ్లు జరిగి, కొత్తపన్ను వంకరగా వస్తుంది.

పన్ను పుచ్చేది ఎట్లా? మనం పురుగు అంటాం గాని నిజంగా పురుగు ఏమీ ఉండదు. నోట్లో కంటికి కనబడని క్రిములు ఉంటాయి. తీపి తగిలితే అవి దాన్ని ఆమ్లం చేస్తాయి. ఆ ఆమ్లం పన్ను పైపొరను కొంచెం కొంచెం కరిగిస్తుంది. తిన్న తర్వాత దాదాపు అరగంట ఈ పని నడుస్తుంది. అందుకే ఎంత తిన్నారన్నదే కాదు, ఎన్నిసార్లు తిన్నారన్నది పెద్ద లెక్క. ఒక లడ్డూ భోజనంతోపాటు తింటే ఒకసారే. అదే జేబులో చాక్లెట్లు పెట్టుకొని పొద్దంతా చప్పరిస్తే పన్నుకు తెరిపి ఉండదు. రాత్రి నిద్రలో ఉమ్మి తక్కువ ఊరుతుంది. నోరు కడుక్కొనే ఆ నీళ్ళే లేకపోతే నష్టం ఇంకా ఎక్కువ. కాబట్టి పడుకునే ముందు తోముకోవడం పొద్దున తోముకోవడం కంటే ముఖ్యం.

ఇక ఖర్చు లెక్క చూద్దాం. 3 ఏళ్ళు దాటిన పిల్లలకు బఠానీ గింజంత ఫ్లోరైడ్ పేస్టు చాలు, అంటే పావు గ్రాము. రోజుకు రెండుసార్లు అంటే అర గ్రాము, నెలకు 15 గ్రాములు. 40 మందికి 600 గ్రాములు, అంటే 100 గ్రాముల ట్యూబులు ఆరు. బ్రష్షు మూడు నెలలకొకటి మార్చాలి, ఏడాదికి 160. మిఠాయికి మనం పెట్టే డబ్బు ముందు ఇదేం పెద్దది కాదు. ఒకరి బ్రష్షు ఇంకొకరు వాడకుండా, మిల్లులో థానుకు నంబరు వేసినట్టు ప్రతి బ్రష్షుకు నంబరు వేయాలి. 7, 8 ఏళ్ళలోపు పిల్లలకు పెద్దవాళ్ళు దగ్గరుండి తోమించాలి. పేస్టు ఉమ్మేస్తే చాలు, నీళ్ళు పోసి బాగా పుక్కిలించవద్దు.

మావశీలకు, మన ఇండ్లలోని పెద్దలకు ఒక మాట. మిశ్రీ పిల్లల నోటికి తాకనివ్వవద్దు. అది పొగాకే. పండ్లపొడిలో, పేస్టులో పొగాకు కలపడాన్ని సర్కారు 1992లోనే నిషేధించింది. పిల్లలకు పొగాకు ఇస్తే 2015 బాలల న్యాయ చట్టం కింద 7 ఏళ్ళదాకా జైలు ఉంది.

ఆ చట్టం కింద 2016లో వచ్చిన నియమాల్లో పిల్లలకు బ్రష్షు, పేస్టు ఇవ్వాలనీ, నెలనెలా వైద్యపరీక్ష చేసి ఒక్కొక్కరికీ రికార్డు పెట్టాలనీ ఉంది. అందులో పండ్ల గురించి ఒక వరుస రాయమని అడగడం మన చేతిలో పని. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం డాక్టర్లు సర్కారీ బడులకు వచ్చి 18 ఏళ్ళలోపు పిల్లలను ఉచితంగా చూస్తారు. పండ్ల జబ్బులు కూడా ఆ పట్టీలో ఉన్నాయి. బాలగృహం పిల్లలు ఆ రోజు బడి తప్పకుండా చూడాలి.

ఇంకొక కష్టం ఉంది. పన్ను వైద్యానికి ఒక్కసారి పోతే సరిపోదు, రెండు మూడుసార్లు తిరగాలి. ఒక మావశీ ఒక పిల్లను తీసుకుపోతే మిగతా 39 మందిని ఎవరు చూస్తారు? రిటైరైన మనలాంటి వాళ్ళకు పొద్దు పోక కట్టమీద కూచుంటాం. సంస్థవాళ్ళ అనుమతి తీసుకొని, వాళ్ళ మనిషికి తోడుగా నెలకొక పొద్దు దవాఖాన వరుసలో నిలబడలేమా?

వచ్చే పుట్టినరోజుకు మిఠాయి వద్దని నేను అనను. పిల్లలన్నాక తీపి కావాలి. భోజనంతోపాటు ఒక లడ్డూ పెట్టండి. చాక్లెట్ల డబ్బుతో బ్రష్షులు, పేస్టు, పల్లీలు, జామకాయలు తీసుకుపోండి. వడ్డించేటప్పుడు ఏ పిల్లవాడు ఒకదిక్కే నములుతున్నాడో చూడండి. ఎవరైనా కనబడితే ఆ పూటే అధీక్షకుడికి చెప్పండి, డాక్టరు దగ్గరకు ఎప్పుడు తీసుకుపోతారో తేదీ అడిగి రండి.