గుండె ఆపరేషన్‌కు ముందు బి.పి. మాత్రలు వేసుకోవాలా, మానాలా?

గుండెకు బైపాస్ ఆపరేషన్ అంటే ఒకప్పుడు పట్నాల్లో కలిగినవారి సంగతి. మన దేశంలో ఈ ఆపరేషన్ 1975లో అప్పటి మద్రాసులోని పెరంబూరు రైల్వే ఆసుపత్రిలో తొలిసారి విజయవంతంగా జరిగింది. 2007లో ఆరోగ్యశ్రీ పథకం మొదలైన తర్వాత పల్లెల్లోని రైతులు, కూలీలు సైతం హైదరాబాదు, విశాఖ, తిరుపతి వంటి చోట్లకు వెళ్లి చేయించుకుని వస్తున్నారు. వీరిలో అనేకమంది ఏళ్ల తరబడి బి.పి. మాత్రలు వాడుతున్నవారే. ఆపరేషన్ తేదీ ఖాయం కాగానే ఈ మాత్రల విషయంలో ఇంట్లో తర్జనభర్జన మొదలవుతుంది.

"ఎలాగూ గుండె బాగుచేస్తున్నారు గదా, ఇక మాత్రలెందుకు?" అని మానేసేవారు కొందరు. "పరగడుపున ఉండమన్నారు, మంచినీళ్లు కూడా ముట్టవద్దన్నారు" అని ఆ ఉదయం మాత్ర వదిలేసేవారు కొందరు. ఎందుకైనా మంచిదని ఉన్న మాత్రలన్నీ మింగేవారు మరికొందరు. ఈ మూడూ ప్రమాదమే. బి.పి. మాత్రలన్నీ ఒకే తీరుగా పనిచేయకపోవడమే ఇందుకు కారణం.

ఏ మాత్ర ఏం చేస్తుంది?

అటెనోలాల్, మెటోప్రొలాల్ వంటివి ఒక రకం. ఇవి గుండె వేగాన్ని తగ్గించి, దానిపై భారం పడకుండా చూస్తాయి. ఉన్నట్టుండి మానేస్తే గుండె ఒక్కసారిగా వేగం అందుకుంటుంది. రక్తనాళాలు పూడుకుపోయినవారికి ఛాతీనొప్పి రావచ్చు, గుండెపోటుకూ దారితీయవచ్చు. బైపాస్ తర్వాత కొందరికి గుండె లయ తప్పుతుంది. ఆ బెడదనూ ఈ మాత్రలు తగ్గిస్తాయి. అందుచేత సాధారణంగా వీటిని ఆపరేషన్ రోజు ఉదయం కూడా గుక్కెడు నీళ్లతో వేయిస్తారు. క్లోనిడిన్ అనే మాత్రనూ హఠాత్తుగా మానరాదు. మానితే బి.పి. అమాంతం పెరుగుతుంది.

ఎనలాప్రిల్, రామిప్రిల్, లోసార్టాన్, టెల్మిసార్టాన్ వంటివి రెండో రకం. ఇవి రక్తనాళాలను వదులుచేసి బి.పి.ని దించుతాయి. మామూలు రోజుల్లో ఎంతో మేలు చేసే మందులే. కాని ఆపరేషన్‌కు మత్తు ఇచ్చినప్పుడు బి.పి. దానంతటదే తగ్గుతుంది. పైగా బైపాస్‌లో చాలామందికి గుండెను కాసేపు ఆపి, దాని పనిని యంత్రానికి అప్పగిస్తారు. ఈ మాత్రల ప్రభావం కూడా తోడైతే బి.పి. బాగా పడిపోయి, మందులిచ్చినా ఒక పట్టాన లేవకపోవచ్చు. అందుకే చాలాచోట్ల వీటిని ఒక రోజు ముందు ఆపిస్తారు.

ఒంట్లో నీటిని మూత్రంగా పంపే మాత్రలు మూడో రకం. వీటిని ఎక్కువగా ఆపరేషన్ ఉదయం ఆపుతారు. వీటివల్ల ఒంట్లో పొటాషియం తగ్గే అవకాశం ఉంది గనుక రక్తపరీక్ష కూడా చేస్తారు.

ఒకే మాత్రలో రెండు మందులు

అసలు చిక్కు ఇక్కడే ఉంది. రెండు, మూడు మందులు కలిపిన మాత్రలు మందుల షాపుల్లో ఎన్నో దొరుకుతున్నాయి. ఆపవలసిన మందు, ఆపకూడని మందు ఒకే మాత్రలో ఉండవచ్చు. "రోజూ ఒక తెల్లబిళ్ల వేసుకుంటానండీ" అంటే డాక్టరుకు ఏమీ తెలియదు.

అందుచేత ఆసుపత్రికి వెళ్లేటప్పుడు మాత్రలను విడిగా పొట్లం కట్టుకుపోకుండా పేరున్న అట్టలతోనే తీసుకువెళ్లాలి. పాత మందుల చీటీలు కూడా దగ్గర ఉంచుకోవాలి. నాటుమందు, కషాయం వాడుతుంటే దాచకూడదు. రక్తం పలుచబడే మాత్రల సంగతి వేరుగా అడగాలి. వాటిలో కొన్నింటిని కొన్ని రోజుల ముందే ఆపవలసి ఉంటుంది. ఆపరేషన్ డాక్టరును గాని, మత్తు డాక్టరును గాని ఒక్కొక్క మాత్ర చూపించి "దీన్ని ఏ రోజు వరకు వేసుకోవాలి? ఆ ఉదయం వేసుకోవాలా?" అని అడిగి, చీటీ మీద రాయించుకోవాలి. చదువురానివారు వెంట వచ్చినవారి చేత అడిగించుకోవచ్చు. ఇందులో మొహమాటం పనికిరాదు.

ఇంటికి వచ్చాక కూడా పాత మాత్రలు తిరిగి మొదలుపెట్టరాదు. ఆసుపత్రివారు కొత్తగా రాసిచ్చిన చీటీ ప్రకారమే నడుచుకోవాలి. బైపాస్‌తో రక్తానికి కొత్త దారి ఏర్పడుతుందే తప్ప బి.పి. జబ్బు పోదు.

పైన చెప్పిన పేర్లు చూసి ఎవరూ తమ మాత్రలను సొంతంగా ఆపడం గాని, కొనసాగించడం గాని చేయవద్దు. మనిషి మనిషికీ వయసు, మూత్రపిండాల స్థితి, గుండె బలం వేరువేరుగా ఉంటాయి. ఆ లెక్క చూసి చెప్పవలసింది డాక్టరే. తన దగ్గరున్న ప్రతి మాత్రనూ ఆయన ముందు పెట్టి అడగడం రోగి పని.