నైజాం పచ్చల పుట్టిల్లు

తొలకరి పడితే గుడిమెట్ల గుట్టల మీద తల వంచుకుని నడిచేవాళ్లే కనిపిస్తారు. వాళ్ల వెతుకులాట వజ్రాల కోసం. జగ్గయ్యపేట పాఠకుడొకరు అడిగారు: “పరిటాల వజ్రాలు నైజాం ఖజానాకు పోయాయి, సరే. ఆ ఖజానాలో పచ్చలు ఏ ఊరివి? మన దగ్గర ఒక్కటీ దొరకదేం?” అప్పటి కృష్ణా జిల్లా మధ్యలో ఉన్నా పరిటాలను నైజాం 1948 దాకా వదల్లేదు కనుక అడగాల్సిన ప్రశ్నే.

రెండోదానికి జవాబు చిన్నది. పచ్చ అంటే బెరిల్ అనే ఖనిజం. దానికి బెరీలియం కావాలి, రంగుకు రవంత క్రోమియమో వనేడియమో తోడు కావాలి. ఇవి సాధారణంగా వేరువేరు జాతుల రాళ్లలో ఉంటాయి, కలవడం అరుదు. నెల్లూరు అభ్రకం గనుల్లో బెరిల్ ఉంది, ఆ రంగే లేదు.

మొదటిదే అసలు తమాషా. నైజాం పచ్చల వంటివాటిని వర్తకులు ‘పాతగని పచ్చలు’ అనేవారు. తూర్పున ఎక్కడో మరుగుపడిన గనులు ఉండేవని నమ్మకం. పదిహేడో శతాబ్దంలో గోల్కొండ వజ్రాల గనులు చూసి వెళ్లిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే మాత్రం అది తప్పన్నాడు, పచ్చలు అమెరికా ఖండానివేనన్నాడు. భేష్! అక్కడితో ఆగితే బాగుండేది. కొలంబస్ కంటే ముందే పెరూ జనం ఫిలిప్పీన్స్‌కు పచ్చలు అమ్ముకునేవారని కూడా రాశాడు!

తగవు తీర్చింది ఆక్సిజన్. బెరిల్ సూత్రంలో పద్దెనిమిది ఆక్సిజన్ పరమాణువులుంటాయి. ప్రకృతిలో వెయ్యి ఆక్సిజన్లకు సుమారు రెండు బరువైనవి, ఆక్సిజన్-18. సముద్రం అడుగున చల్లటి నీళ్లలో బంకమన్ను తయారయ్యేటప్పుడు ఈ బరువైనవి ఖనిజానికే ఎక్కువగా అతుక్కుంటాయి. ఎంత చల్లగా ఉంటే అంత ఎక్కువ. సలసల కాగే శిలాద్రవం నుంచి పుట్టిన రాళ్లలో ఆ పక్షపాతం తక్కువ. చాలా దేశాల పచ్చలు గ్రానైట్ల వేడి దగ్గర పుట్టినవి. అమెరికా ఖండంలోని కొలంబియా పచ్చల గనుల దగ్గర గ్రానైట్ ఊసే లేదు. ఒకనాటి సముద్రపు బురద నల్లరాయిగా మారితే, అందులోంచి ఉప్పునీళ్లు వేడిగా పారి పచ్చను పేర్చాయి. ఆ బురద ఆక్సిజనే పచ్చలోకీ దిగింది, అందుకే అందులో బరువైనవి ఎక్కువ. సున్నపురాయిలో ఉండే కాల్సైటే అక్కడ తెల్లటి చారలై పచ్చను పొదువుకుని ఉంటుంది. జగ్గయ్యపేటలో ఆ రాయి సిమెంటుకు పోతోంది!

2000లో జూలియాని అనే ఫ్రెంచి శాస్త్రవేత్త బృందం పచ్చల మీద కంటికి ఆనని గుంట తవ్వి ఈ ఆక్సిజన్ లెక్క తీసింది. 1622లో ఫ్లోరిడా దగ్గర మునిగిన స్పెయిన్ ఓడ అటోచాలోని పచ్చ కొలంబియాదని తేలింది. నైజాం ఖజానావని చెప్పే నాలుగింటిలో మూడు కూడా కొలంబియావే! నాలుగోది అఫ్ఘానిస్తాన్‌ది. తూర్పున గనే లేదన్న టావెర్నియే మళ్లీ తప్పాడు.

ఇక “నా ఉంగరంలో పచ్చ అసలుదేనా?” అని ఉత్తరాలు వస్తాయి. అయ్యా, దానికి ఈ ఆక్సిజన్ లెక్క అక్కర్లేదు, మంచి రత్నపరీక్షకుడి సూక్ష్మదర్శిని చాలు. కొలంబియా పచ్చలో తరచు ఒకే గూట్లో ఉప్పునీటి బొట్టు, బుడగ, ఉప్పు పలుకు కనిపిస్తాయి. మనవాళ్లు దాన్ని మచ్చ అంటూ బేరం తగ్గిస్తారు.