పాత రైఫిలు, కొత్త మందు

ఒకప్పుడు మన సంస్థానాధీశుల ఆయుధశాలలలో ఇంగ్లండునుండి తెప్పించిన పెద్దబోరు రైఫిళ్లు వరుసగా నిలిచియుండెడివి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును, దానికి వచ్చిన సవరణలును వేటను మాన్పించినవి. కాని ఇంగ్లండు, అమెరికా దేశములలో అట్టి పాత రైఫిళ్లతో గుఱిచూచి కాల్చువారు నేటికిని కలరు. తగిన తూటాలు అంగళ్లలో అరుదు కనుక, వారు తామే వానిని నింపుకొందురు. సరిగా నింపిన తూటా పాత తుపాకికి ప్రాణము పోయును. తప్పుగా నింపినది కాల్చువాని చేతినే తీయవచ్చును. ఈ భేదమెట్లు కలుగునో మనము విచారింతము.

నల్లమందున సూరేకారము 75 పాళ్లు, బొగ్గు 15 పాళ్లు, గంధకము 10 పాళ్లు ఉండును. కాలిన పిదప దానిలో సగమునకు పైగా ఘనపదార్థముగనే మిగులును. పొగయు, గొట్టమున పేరుకొను మసియు అదియే. 1884లో ఫ్రాన్సున పాల్ వియేల్ పొగలేని మందును సాధించెను. 1889లో ఇంగ్లండున ఏబెల్, డ్యూవర్ అను శాస్త్రజ్ఞులు కార్డైటును రూపొందించిరి. ఇవి దాదాపు పూర్తిగా వాయువుగా మారును. కావున కొంచెము మందే అధికబలమిచ్చును.

అపాయమంతయు ఇచటనే యున్నది. 1898లో రిగ్బీవారు పాయింటు 450 బోరున కార్డైటు తూటాను వెలువరించిరి. దాని గుల్ల పొడవు మూడుంబావు అంగుళములు; పూర్వపు నల్లమందు తూటా గుల్లయు అంతియే. కొత్త తూటా పాత గొట్టమున చక్కగా ఇమిడిపోవును. కాని దాని ఒత్తిడికి ఆ గొట్టము ఉద్దేశింపబడినది కాదు. ఇమిడినంతమాత్రమున తగినదని తలపరాదు. అందుచేతనే తుపాకిపై పరీక్షాముద్రలను ముందుగా చదువవలెను. నల్లమందు రైఫిళ్లకై తయారీదారులు తేలికపాటి కార్డైటు తూటాలను వేరుగా చేసిరి. మన ఎండలకు కార్డైటు ఒత్తిడి పెరుగునని, ఉష్ణదేశములకు మందు తగ్గించిన తూటాలను పంపిరి.

ఇక గుఱి మాట. జోడుగొట్టముల రైఫిలును పేల్చినప్పుడు, గుండు గొట్టము దాటకమునుపే తుపాకి వెనుకకు తన్ని, కుడిగొట్టము కుడికి, ఎడమగొట్టము ఎడమకు తొలగును. ఈ కదలికను లెక్కించి, రెండు గుండ్లును ఒకేచోట తగులునట్లు పనివాడు గొట్టములను కొంచెము ఏటవాలుగా కూర్చును. ఆ కూర్పు ఒక్క వేగమునకే సరిపోవును. గుండు మందగించినచో గొట్టమున ఎక్కువసేపు నిలుచును, దెబ్బలు ఎడబడును. వేగము మించినచో కుడిగుండు ఎడమకును, ఎడమగుండు కుడికిని దాటును. కావున నింపువాడు వెదకవలసినది అధికవేగము కాదు, తొలినాటి వేగము. నేడు గుండు వేగమును కొలుచు యంత్రములు ఇందుకు తోడ్పడుచున్నవి.

మఱియొక చిక్కు కలదు. నల్లమందుకై చేసిన పెద్దగుల్లలో పొగలేని మందు కొద్దిగా నుండి, అటునిటు జారును. ప్రైమరు చెంత నున్నప్పుడొక తీరున, ముందునకు జారినప్పుడొక తీరున అంటుకొనును. వేగమును దెబ్బయును మారును. దూది వంటి తేలికపదార్థముతో మందును అదిమిపట్టువారు కలరు. అదియు తప్పుగా అమర్చినచో మందు నింపు గది ఉబ్బును.

ఈ విద్యలో ఊహకు తావులేదు. ప్రయోగశాలలో పరీక్షించి ప్రచురించిన కొలతలను అనుసరించి, తక్కువనుండి మొదలిడి, మెల్లగా సాగవలెను. పాత రైఫిలు తన వేగమును తానే చెప్పును. దానిని వినువానికే గుఱి దక్కును.