కాలు మోపేదాకా...

కాలు విరిగిన కుర్రకుక్క ఎక్స్‌రే చూసి డాక్టరుగారు ‘‘ఎముక అతుక్కుంది’’ అన్న రోజు ఇంట్లో పండగే. కుట్లు నాకకుండా మెడకు తగిలించిన ప్లాస్టిక్ గరాటు కూడా తీసేస్తారు. ఇక పరుగులే తరువాయి అనుకుంటారు. తీరా చూస్తే ఆ కుర్రకుక్క వెనక కాలు పొట్ట కిందికి ముడుచుకుని మూడు కాళ్ల మీదే గెంతుతూ ఉంటుంది. నొప్పితో మూలగదు. గిన్నె చప్పుడైతే అందరికన్నా ముందు వంటింటి గడప దగ్గర ఉంటుంది. కాలు మాత్రం కింద పెట్టదు. ‘‘ఆపరేషన్ సరిగ్గా కుదరలేదేమో’’ అంటారు ఒకరు. ‘‘పోనిద్దూ, మూడు కాళ్లతో బాగానే తిరుగుతోందిగా’’ అంటారు ఇంకొకరు. చాలాసార్లు ఇద్దరి మాటా తప్పే. ఎముక అతకడం పశువైద్యుడి పని, అది అయిపోయింది. కాలు కోలుకోవడం ఇంటివాళ్ల పని, అది సగంలో ఉంది.

కుక్క నిలబడినప్పుడు ఒంటి బరువులో సుమారు 60 శాతం ముందుకాళ్లే మోస్తాయి. వెనక ఒక్కో కాలి వాటా 20 శాతమే. ఆ కాస్త బరువునూ మిగతా మూడింటికి సర్దేయడం దానికి చిటికెలో పని. నొప్పి ఉన్నన్నాళ్లు ఆ సర్దుబాటు కాపాడుతుంది, నొప్పి పోయాక అలవాటుగా మిగిలిపోతుంది. ఈలోగా వాడని తొడకండ కరిగిపోతుంది. వెనక నిలబడి రెండు తొడల మీదా చేతులు వేసి నిమిరితే తేడా తెలిసిపోతుంది. ఒకటి చేతినిండా ఉంటుంది, రెండోదాంట్లో ఎముక తగులుతుంది. తన మీద పడే బరువును బట్టే ఎముక తన కట్టుబడి మార్చుకుంటుందని జర్మన్ శస్త్రవైద్యుడు యూలియస్ వోల్ఫ్ 1892లోనే సూత్రీకరించాడు. బరువు పడకపోతే అతుక్కున్న ఎముక కూడా పలచబడుతుంది.

కట్టు కుదరని చోటు

విరిగిన ఎముక అనగానే మనకు పుత్తూరు కట్టు గుర్తొస్తుంది. కుక్కకు కూడా వెదురుబద్దలు పెట్టి బిగించేవాళ్లు ఊళ్లో ఇప్పటికీ ఉన్నారు. అయితే ఏ కట్టయినా పనిచేయాలంటే విరిగిన చోటికి పైనా కిందా ఉన్న కీళ్లు రెండూ కదలకూడదు. తొడ ఎముకకు పైన ఉన్నది తుంటి. దాన్ని కట్టుతో ఆపి ఉంచడం అయ్యే పని కాదు. అందుకే అక్కడ ప్లేటో రాడ్డో వేస్తారు. వయసు వల్ల ఇంకో చిక్కుంది. లేతపిల్లల్లో నెలరోజులకే ఎముక అతుక్కోవచ్చు, పెద్ద కుక్కకు రెండు మూడు నెలలు పట్టవచ్చు. అంత త్వరగా అతికే లేత ఒంట్లో అతక్కూడనివి కూడా అంతే త్వరగా అతుకుతాయి. మోకాలికి దగ్గరలో తొడ ఎముక విరిగిన కుర్రకుక్కకు కాలు చాపి రోజుల తరబడి బిగించేస్తే, తొడ ముందరి కండ ఎముకకు అంటుకుపోతుంది. కాలు కర్రలా బిగుసుకుని మోకాలు మడవడం మానేస్తుంది. ముదిరాక దాన్ని మళ్లీ మడిపించడం పెద్ద డాక్టర్లకు కూడా కష్టమే.

అది రాకుండా చేసే పని ఖర్చులేనిది. ఎక్కడ విరిగింది, లోపల ఏం వేశారు అన్నదాన్ని బట్టి ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టరుగారు చెబుతారు, ఒకసారి చేసి చూపించమని అడగండి. కుక్కను మెత్తటి బొంత మీద, దెబ్బ తగిలిన కాలు పైకి వచ్చేలా పక్కకు పడుకోబెట్టాలి. తల దగ్గర దానికి బాగా చనువున్న మనిషి కూర్చోవాలి. ఆపరేషన్ అయిన మొదటి రెండు మూడు రోజులు వాపు తగ్గడానికి గుడ్డలో చుట్టిన ఐసు, వాపు పోయాక గోరువెచ్చని కాపడం. ఒక చేత్తో తొడను, ఇంకో చేత్తో మోకాలి కింది భాగాన్ని పట్టుకుని నిదానంగా మడవాలి, నిదానంగా చాపాలి. పది పదిహేనుసార్లు చాలు, రోజుకు రెండు మూడు విడతలు. అది మూలిగేదాకా తెచ్చుకోవద్దు. తల తిప్పి మన చేతివైపు చూసినా, పెదవులు నాకుకున్నా, కండ బిగించినా ఆ కాలికి ఆ పూట హద్దు అదే.

ఆ తర్వాత నడక. చాలామంది తప్పుదారి పట్టేది ఇక్కడే. ‘‘బాగా తిప్పితే అదే సర్దుకుంటుంది’’ అని వీధి చివరిదాకా లాక్కెళతారు. జోరుగా వెళితే కుక్క మూడు కాళ్ల మీద హాయిగా గెంతేస్తుంది. బెల్టు పొట్టిగా పట్టుకుని, పెళ్లిలో అప్పగింతల వేళ నడిచినంత నెమ్మదిగా నడిపిస్తే గెంతడం కుదరదు, నాలుగో కాలు దించక తప్పదు. మొదట వేళ్ల కొసలు తాకిస్తుంది, తర్వాత పాదం ఆనిస్తుంది. ఐదేసి నిమిషాలు రోజుకు మూడునాలుగుసార్లు, వారానికి కొద్దికొద్దిగా పెంచుతూ. మన వీధుల్లో స్కూటర్లు, పక్కవీధి కుక్కలు లేచేలోపు తెల్లవారుజామున అయితే మేలు.

ఇంట్లో అసలు శత్రువు నున్నటి టైల్స్. ఒక్కసారి జారితే కుదురుకుంటున్న నమ్మకం పోతుంది. తిరిగే దారంతా గోనెపట్టాలో రబ్బరు చాపలో పరచండి. గోళ్లు, అరికాలి మెత్తల మధ్య వెంట్రుకలు కత్తిరించండి. ఇంకొంచెం బలం వచ్చాక కూర్చోబెట్టి లేపడం మొదలుపెట్టొచ్చు. బాగోలేని కాలు గోడవైపు ఉండేలా నిలబెడితే దాన్ని పక్కకు చాచి తప్పించుకోలేదు, రెండు కాళ్లూ మడిచి కూర్చోవాల్సిందే. బిస్కెట్ ముక్క చూపించి లేపాలి. ఆ బిస్కెట్లు కూడా రోజు తిండి లెక్కలోనే వేయాలి సుమా, బరువు పెరిగితే ఆ భారం పడేది ఆ కాలి మీదే.

పెద్ద నగరాల్లో కొన్నిచోట్ల నీటిలో నడిపించే ట్రెడ్‌మిల్ దొరుకుతుంది. నీళ్లు వెనక కాలి మడమ కీలు దాకా ఉంటే కాళ్ల మీద 91 శాతం బరువు పడుతుంది, మోకాలిదాకా అయితే 85 శాతం, తుంటిదాకా అయితే 38 శాతమే. నీటిమట్టం మార్చి బరువును కొలిచి వేసినట్టు వేయొచ్చు. స్తోమత ఉంటే మంచిదే, లేకపోయినా నెమ్మది నడకతో చాలా కాళ్లు దారికొస్తాయి.

తిండి సంగతి వస్తే ముందు పాయా పెడతారు. రుచికి మంచిదేగానీ ఆ చారులో దిగే కాల్షియం చాలా తక్కువ. ఒట్టి అన్నం మీదో ఒట్టి మాంసం మీదో పెరిగిన పిల్లలకు కాల్షియం చాలక చిన్న గెంతుకే ఎముక విరగడం ఉంది. దాన్ని డాక్టరు చూసి సరిచేయాలి. అలాగని టానిక్కు సీసాలు పోస్తే పెద్దజాతి పిల్లల్లో ఎముకల ఎదుగుదలే గాడి తప్పుతుంది. ఇంట్లో ఉన్న నొప్పి మాత్రలు అసలే వద్దు. ఐబుప్రొఫెన్ లాంటివి కుక్క కడుపులో పుండ్లు చేస్తాయి, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి.

ఇన్ని చేసినా ఓ గండం మిగులుతుంది, ఆటలు మాన్పించి కట్టేసి ఉంచిన కుక్క మీద బామ్మగారి జాలి. ‘‘పిల్లకు పొద్దుపోవడం లేదురా, కాసేపు వదులు’’ అంటుంది. ఆవిడ మాట కొట్టిపారేయకండి, నిజంగానే దానికి తోచదు. పాతచీర మడతల్లో తిండిపలుకులు దాచి వెతకమనండి. ముక్కుకు పనిపడితే ఒళ్లు కుదురుగా ఉంటుంది.

నాలుగు కాళ్ల మీద నడుస్తున్నది హఠాత్తుగా మళ్లీ కాలెత్తేసినా, కుట్ల దగ్గర వాపో చీమో కనిపించినా ఆ రోజే చూపించాలి, లోపలి స్క్రూ వదులై ఉండొచ్చు. పెరిగే వయసు కాబట్టి ఎముక చివరల ఎదుగుదల పొరకు దెబ్బ తగిలిందేమో కూడా చూడాలి. ముందుకాలిలో పక్కపక్కనే ఉండే రెండు ఎముకల్లో ఒకటి ఎదగడం ఆపేస్తే రెండోది వంగిపోతుంది. ఒంపు చిన్నగా ఉన్నప్పుడే పట్టుకోవడానికి, ఎదుగుదల పూర్తయ్యేదాకా డాక్టరు చెప్పినప్పుడల్లా వెళ్లిరావాలి. సోఫా, మేడమెట్లు, బెల్టు లేని నడక, ఇవన్నీ ఎక్స్‌రే ఒప్పుకున్నాక ఒక్కొక్కటిగా. అన్నిటికన్నా ఆఖర్న బంతి. గాల్లోకి లేచి ఒంటికాలి మీద గిర్రున తిరిగే ఆట అది. అప్పటిదాకా బంతిని బీరువా మీద పెట్టండి, కనిపించకుండా.