పొలము కాపలాకు సూర్యరశ్మి కెమెరా

మన సంఘ కార్యాలయమునకు వచ్చు సభ్యులు ఎరువుల మాట, అప్పుల మాట ముగిసిన పిమ్మట ఇటీవల తప్పక వేయుచున్న ప్రశ్న యొకటి కలదు. బోరు కడ కెమెరా పెట్టించిన ప్రయోజన ముండునా, కరెంటు నిలకడగా లేనిచోట అది పనిచేయునా, ఏ రకము కొనవలయును అని వారడుగుచున్నారు. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పుటకంటె మాకు తెలిసినంతవర కీ పత్రికలో వ్రాయుట మేలని తోచినది. ధరలు నెల నెలకు మారుచుండును గనుక వానిని వ్రాయలేదు.

ముందుగా ఏమి పోవుచున్నదో చూతము. రామగిరి ప్రాంతపు రైతునకు వాన నమ్మదగినది కాదు, బోరే ఆధారము. ఆ బోరునకు ప్రాణము మోటారు. మోటారునకు ప్రాణము స్టార్టరు పెట్టెనుండి బోరు మూతివరకు పోవు రాగి తీగ. దొంగ కావలసినది మోటారు కాదు, అందులోని నీరును కాదు, ఆ తీగలోని రాగి మాత్రమే. వాడు దానిని నరికి, పైతొడుగు కాల్చి, తూకమునకు అమ్ముకొనును. వానికి దక్కు సొమ్ము స్వల్పము. రైతునకు కలుగు నష్టమో, తీగ వెలతో తీరునది కాదు. యాసంగి వేరుశనగ ఊడలు దిగు వేళ తీగ పోయినచో, క్రొత్తది తెచ్చి, మిస్త్రీని వెదకి, మరల నీరు పారించునప్పటికి వారము గడచును. ఆ వారములో ఎండిన నేల గట్టిపడి ఊడ లోపలికి దిగదు. కాయ లేని తీగెను పశువులకు వేయవలసినదే. ట్రాన్సుఫార్మరును దింపి, నూనె పారబోసి, చుట్టలు విప్పుకొని పోయినచో ఆ క్రింద నున్న రైతులందరును ఒక్కసారిగా నష్టపడుదురు.

మన పెద్దలు జొన్నచేనికి మంచె వేసి, ఒడిసెల చేతబట్టి, రాత్రింబవళ్లు కాపున్నారు. ఆ కాపు పంటకాలమున రెండు నెలలు. బోరునకు కాపు సంవత్సరమంతయు కావలయును. సంవత్సరమంతయు రాత్రి పొలమున పండుకొను మనిషి దొరకుట దుర్లభము. దొరకినను ఆ జీతము మెట్టరైతు భరింపలేడు. పాములు, ఎలుగుబంట్లు ఉన్నచోట ఒంటరిగా పండుకొమ్మని చెప్పుటయు న్యాయము కాదు. ఇందువలననే కెమెరా మాట వచ్చినది.

ఈ సాధనమున నాలుగు భాగములు కలవు. ఎండను విద్యుత్తుగా మార్చు పలక. ఆ విద్యుత్తును రాత్రికి దాచు బ్యాటరీ. చూచి చిత్రము పట్టు కెమెరా. ఆ చిత్రమును తీగ లేకుండ మన సెల్‌ఫోనునకు పంపు నిస్తంత్రి యంత్రము. ఇందు ఏ ఒక్కటియు మనకు కొత్తది కాదు. ఎండనుండి చాలినంత విద్యుత్తు తీయు సిలికాను పలకను 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలవారు చూపిరి. 1958లో అది వాన్‌గార్డు అను ఉపగ్రహముతో ఆకాశమున కెక్కినది. నేడు నంబులపూలకుంట వైపు పోయినవారికి అట్టి పలకలు చేలకు చేలుగా కనబడును. మన రామగిరి కొండలపై గాలిమరలు 1990వ దశకముననే వెలసినవి. ఈ కొండ గాలిని తలచుకొనుట ఊరకనే కాదు. కెమెరా విషయమున దానితో మనకు గట్టి పనియున్నది. ముందు ముందు చెప్పెదము.

అంగడిలో దొరకు కెమెరాలు రెండు జాతులు. వీని భేదము తెలియకయే పలువురు మోసపోవుచున్నారు. మొదటిది నిద్రపోవు కెమెరా. ఇది మామూలుగా కన్ను మూసుకొనియుండి, ఎదుట వేడిగల ప్రాణి కదలినప్పుడు మేలుకొని, కొన్ని క్షణములు చిత్రము పట్టి, మరల నిద్రించును. అందుచేత చిన్న పలక, చిన్న బ్యాటరీ చాలును. రెండవది ఎల్లవేళల చూచునది. ఇది సుమారు నాలుగు వాట్లు వాడునని అనుకొందము. ఇరువదినాలుగు గంటలకు 96 వాట్ గంటలు కావలయును. నిద్రపోవు కెమెరాలలో నుండు చిన్న బ్యాటరీ సామాన్యముగా 37 వాట్ గంటల ప్రాంతమున నుండును. దానితో ఎల్లవేళల చూడుమన్నచో తొమ్మిది గంటలకే చీకటి.

ఎల్లవేళల చూచుదానికి ఎంత పలక కావలయునో లెక్క కట్టుట కష్టము కాదు. మన ప్రాంతమున సంవత్సరపు సగటు మీద దినమునకు సుమారు అయిదు గంటల నిండు ఎండకు సమానమైన వెలుగు లభించును. 40 వాట్ల పలక పెట్టినచో 200; ఇందు వేడివలనను, దుమ్మువలనను, బ్యాటరీలోనికి పోయి వచ్చుటవలనను మూడవ వంతు పోయినను 130కి పైగా మిగులును. కావలసినది 96 కావున చాలును. బ్యాటరీ 12 వోల్టులు, 20 ఆంపియరు గంటలదైనచో 240 వాట్ గంటలు. అయిదింట నాలుగు వంతులు మాత్రమే వాడుకొన్నను రెండు దినములు ఎండ లేక గడుపవచ్చును. అమ్మువాడు పలక ఎంత, బ్యాటరీ ఎంత, కెమెరా వాడుక ఎంత అను మూడు అంకెలు చెప్పలేనిచో అతనియొద్ద కొనవలదు.

ఇక మాకు కలిగిన పరాభవము చెప్పవలసియున్నది. గత సంవత్సరము జ్యేష్ఠమున మా మిత్రమండలిలో కొందరము కలిసి ఒక చీనీ తోట బోరు కడ నిద్రపోవు కెమెరా నొకదానిని నిలిపితిమి. సన్నని ఇనుప గొట్టము రెండడుగుల గుంటలో పాతి, మట్టి త్రొక్కి, పైన కెమెరాను, పలకను బిగించితిమి. వైశాఖపు ఎండ మిగిలియున్న దినములలో అది చక్కగా పనిచేసినది. కుక్క నడచినను ఫోను మ్రోగెడిది. మేము సంతోషించితిమి. ఆషాఢము వచ్చినది. ఈ కొండల నడుమ ఆషాఢ శ్రావణములలో గాలి ఎట్లుండునో చదువరు లెరుగుదురు. ఆ గాలికొరకే కదా మరలు వచ్చినవి. మబ్బు పట్టును, వాన పడదు, గాలి మాత్రము ఆగదు. గొట్టము ఊగెను. ఎదుట గడ్డియు, చెట్టు కొమ్మలును ఊగెను. ఏదో కదలుచున్నదని కెమెరా రాత్రియంతయు మేలుకొనుచు, చిత్రములు పంపుచుండెను. పగలు మబ్బువలన పలకకు సరిపడ వెలుగు లేదు. రాబడి తగ్గిన నెలలోనే ఖర్చు పెరిగినది. ఇట్టి సంసార మేమగునో రైతునకు వేరుగ చెప్పనక్కరలేదు. ఫోను ఊరక మ్రోగుచుండుటచే విసిగి తోటయజమాని దాని శబ్దము నాపివేసెను. నాలుగవ దినమున బ్యాటరీ ఖాళీయైనది. ఆరవ రాత్రి తీగ పోయినది. కెమెరాను దొంగ ముట్టనైన లేదు.

ఆ తరువాత మేము మార్చుకొన్నవి యివి. స్తంభమునకు రెండంగుళములకు తగ్గని లావు గొట్టము వాడి, మూడడుగుల లోతున కంకరయు సిమెంటును పోసి నిలిపితిమి. కెమెరా ఎదుట పది గజములవరకు గడ్డి కోయించి, చూపునకు అడ్డువచ్చు కొమ్మ నరికించితిమి. కెమెరాలో చూపు పరిధిని ఫోనునుండి గీసి కుదించు వీలు కలదు. ఊగు చెట్టును ఆ గీత వెలుపల నుంచితిమి. చిత్రమునందలి కదలికను బట్టి గాక, శరీరపు వేడిని బట్టి మేలుకొను పద్ధతిని ఎంచితిమి. గాలికి గడ్డి కదలును గాని దానికి ఒంటివేడి లేదు గదా. ఎండకు కాగిన గడ్డి ఒక్కొక్కప్పుడు దీనిని గూడ భ్రమపెట్టుట కలదు. రాత్రివేళ ఆ బాధ తక్కువ. పలకను రెట్టింపు చేసితిమి. మబ్బు నెలకు సరిపోవు పలకయే సంవత్సరమునకు సరిపోవును. సగటు లెక్క ఆషాఢమున పనికిరాదు.

పలక నెట్లు నిలుపవలయుననగా, మన రామగిరి సుమారు 14 డిగ్రీల ఉత్తర అక్షాంశమున నున్నది గనుక దక్షిణ దిక్కునకు మొగము పెట్టి, 15 డిగ్రీలు వాల్చవలయును. కోణమాపకము లేనివారు నాలుగంగుళముల పొడవునకు ఒక అంగుళము ఎత్తు చొప్పున ఉత్తరపు అంచును లేపిన చాలును. పలకపై ఒక మూల వేపకొమ్మ నీడ పడిన నష్టము ఆ మూలకే పరిమితము కాదు. లోపలి గదులు ఒకదాని వెంట నొకటిగా కూర్చబడియుండును. కాలువకు ఒకచోట అడ్డుపడిన క్రింది మడులన్నియు ఎండునట్లు, ఒక గది మసకబారిన వరుసంతయు కుంటుపడును. పదునైదు దినములకొకసారి తెల్లవారుజామున తడిగుడ్డతో తుడువవలయును. కాగిన పలకపై చన్నీరు పోయరాదు. బ్యాటరీ పెట్టెను పలక నీడనే, గాలి ఆడునట్లు అమర్చవలయును. లిథియము బ్యాటరీని 45 డిగ్రీలకు మించిన వేడిలో నింపుట దానికి హాని; వైశాఖమున ఎండలో నున్న ఇనుప పెట్టె ఆ వేడిని సులభముగా దాటును.

తీగలేని సంబంధమునకు రెండు దారులు. ఇల్లు పొలమునకు చేరువనుండి, నడుమ గోడలు, చెట్లు లేనిచో ఇంటి వైఫై నూరు గజములవరకు అందవచ్చును. దూరమైనచో సిమ్ము వేయు కెమెరా కావలయును. కొండ చాటున మా ఫోనులే పలుకవు, కెమెరా ఎట్లు పలుకును? కావున కొనకముందే, ఏ సంస్థ సిమ్ము వేయదలచితిరో అదే సిమ్మును ఫోనులో వేసికొని, స్తంభము నిలుపు చోటనే, పగలొకసారి రాత్రి యొకసారి చూడవలయును. ఎడతెగక చిత్రము పంపినచో డేటా ఎంత పోవునో గూడ తెలిసికొనుడు: సెకనుకు ఒక మెగాబిట్టు చొప్పున దినమునకు సుమారు 11 గిగాబైట్లు. అందుచే చిత్రములు కెమెరాలోని కార్డుమీదనే నిలిపి, అనుమానము కలిగినప్పుడు మాత్రము ఫోనులో చూచుట యుక్తము. 128 గిగాబైట్ల కార్డు ఈ లెక్కకు పదకొండు దినములు వచ్చును. నిండినపిమ్మట పాతది చెరిపి క్రొత్తది వ్రాసికొనును. కొన్న దినముననే పెట్టెపై నున్న రహస్యపదమును మార్చవలయును. లేనిచో మీ తోటను మీకంటె ముందు పరులు చూచుచుందురు. 2025 ఏప్రిలు నుండి మన దేశమున అమ్ము నిఘా కెమెరాలు ప్రభుత్వము నిర్ణయించిన భద్రతా పరీక్షలలో నెగ్గవలయునను నియమము అమలునకు వచ్చినది. ఆ ధ్రువపత్రము అడిగి చూచుట మీ హక్కు.

పెట్టెలపై రాత్రి ముప్పది గజములు కనబడునని వ్రాసియుండును. మనిషి ఉన్నాడని తెలియుట వేరు, ఆ మనిషి ఫలానా అని తెలియుట వేరు. వెడల్పుగా చూచు కెమెరాలో ముఖము గుర్తింపదగినట్లు కనబడుట అయిదారు గజములలోపలనే. కావున కెమెరాను దూరమున నిలిపి తోటయంతయు చూపించుటకంటె, దొంగ తప్పక రావలసిన స్టార్టరు పెట్టె కడకో, బండి దిగు దారి మొగదలకో త్రిప్పుట మేలు. ఎత్తు పది పన్నెండడుగులు చాలును. సాలెపురుగును మరువరాదు. రాత్రి వెలుగునకు పురుగులు చేరును, వానికై సాలీడు అద్దము ముందే గూడల్లును, ఆ పోగులు వెలుగునకు మెరసి చిత్రమంతయు తెల్లబారును. వారమునకొకసారి చీపురుతో దులుపుట దప్ప దీనికి మందు లేదు.

ఇరుగుపొరుగు వారి మాట. మన కెమెరా మన బోరును చూడవలెను గాని పొరుగువాని కళ్లమును, కూలీ స్త్రీలు స్నానముచేయు తొట్టిని చూడరాదు. స్త్రీల ఏకాంతమును చూచుట, చిత్రించుట భారతీయ న్యాయసంహిత 77వ సెక్షను క్రింద శిక్షింపదగిన నేరము. చట్టము లేకున్నను ఇది తగవు తెచ్చు పని. స్తంభము నిలుపక మునుపే గట్టు పొత్తుదారులను పిలిచి, ఫోనులో ఏమి కనబడుచున్నదో చూపించుడు.

దొంగతనము జరిగినపుడు వెంటనే 112కు ఫోను చేయవలయును. ఒంటరిగా కర్ర పట్టుకొని పరుగెత్తవలదు. తీగ మరల కొనవచ్చును. కార్డు తీసి దాచి, దానిపై మరల చిత్రములు పడకుండ క్రొత్త కార్డు వేయవలయును. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ సాక్ష్య అధినియమము 63వ సెక్షను ప్రకారము ఇట్టి చిత్రమును కోర్టులో సాక్ష్యముగ చూపుటకు ధ్రువపత్రము జతపరుపవలయును. ఆ పత్రపు పని పోలీసువారు చెప్పుదురు; మనము చేయవలసినది అసలు కార్డును చెడకుండ ఒప్పగించుట, ఏ తేదీన ఎవరికి ఇచ్చితిమో వ్రాసి యుంచుకొనుట. కెమెరాలోని గడియారము సరిగానున్నదో లేదో ముందే చూచుకొనుడు. అది తప్పు కాలము చూపినచో ప్రతివాది వకీలునకు మీరే సహాయపడినవా రగుదురు.

ఒక్క ట్రాన్సుఫార్మరు క్రింద నున్న ఐదారుగురు రైతులు కలిసి దారి మొగదల నొక మంచి కెమెరాను, ఎల్లవేళల చూచుదానిని, పెట్టుకొనుట ఒక్కొక్కరు విడిగా చవుక సరుకు కొనుటకంటె లాభమని మా అభిప్రాయము. అందరి ఫోనులకు గంట మ్రోగును. ఒకడు నిద్రించినను ఇంకొకడు లేచును. సిమ్ము ఖర్చును, పలక తుడుచు వంతును ముందే కాగితముపై వ్రాసికొనవలయును. కలిసి కొన్న నూర్పిడి యంత్రములు ఎందుకు మూలపడినవో మన ఊరివారికి తెలియనిది కాదు.

కొనదలచిన సభ్యులు కార్యాలయమునకు వచ్చునపుడు మూడు సంగతులు వ్రాసికొని రావలెనని ప్రార్థించుచున్నాము: స్తంభము నిలుపు చోటికి దారినుండి ఎన్ని గజములు, ఆచోట ఏ సిమ్ము పలుకుచున్నది, మధ్యాహ్నము రెండు గంటలకు ఏ చెట్టు నీడ ఎంతవరకు వచ్చుచున్నది.