ఈశాన్యం పల్లం, నైరుతి మెరక
(ఇంటి స్థలం గురించి కొంత విచారణ)

నిరుడు వేసవి సెలవుల్లో మా నాయిన ఇల్లు కట్టడానికి మా కౌకూర్‌లో రెండు ప్లాట్లు చూసినాడు. రెండూ రెండు వందల గజాలవే. మొదటిది తూర్పు ముఖం. నేల ఈశాన్యానికి చక్కగా వాలి వుంది. ఆ వాలు చివర ఒక కుంట. రెండవది మెరక మీద, రాతిగుండ్ల పక్కన, దక్షిణ ముఖం. చూడటానికి వచ్చిన సిద్ధాంతిగారు మొదటి దాంట్లో అడుగు పెట్టగానే ముఖం వికసించి, "ఈశాన్యాన జలం! వెతికినా దొరకదు" అన్నారు. రెండవ దాని దాకా నడవనైనా లేదు. దక్షిణ ముఖం అని దూరం నుంచే చెయ్యి ఊపేశారు.

మా నాయనమ్మ మాత్రం మొదటి ప్లాటు చూసి, "గది శికం గాదురా కొడుకా? గండ్ల ఇల్లేంది?" అన్నది.

పైసలు ఎకరం చెల్క అమ్మితే వచ్చినవి. ఒకసారి ఇంటి కింద పోస్తే మళ్ళీ వచ్చేవి కావు. శాస్త్రం ఒకటి అంటోంది, నాయనమ్మ ఒకటి అంటోంది. "నువ్వు సైన్సు చదువుతున్నవు గదా, నువ్వు చెప్పు" అన్నాడు నాయిన నా వైపు తిరిగి. బి.ఎస్సీ.లో ఎవరూ ఈ ప్రశ్న ఇవ్వలేదు. అయినా ఆ రెండు నెలలు దాని మీదనే తిరిగినాను. అప్పుడు నాకు తోచిన సంగతులే ఇక్కడ రాస్తున్నాను.

వాస్తు మాట ఎత్తగానే మన కాలేజీలో రెండు పార్టీలు లేస్తాయి. ఒకరు మొత్తం మూఢనమ్మకం అంటారు. మరొకరు మొత్తం సైన్సే, మన పూర్వులకు అన్నీ తెలుసు అంటారు. ఇద్దరికీ ఒక సుఖం వుంది: సూత్రాలను ఒక్కొక్కటిగా విప్పి చూసే పని తప్పుతుంది. నేను రైతు కొడుకును. విత్తనం సంచి కొంటే ముందు గుప్పెడు చేతిలో పోసుకొని చూస్తాం. అలాగే చూద్దాం.

"ఈశాన్యం పల్లం, నైరుతి మెరక" అనే సూత్రంతో మొదలుపెడతాను. మన దేశపు పటం ఒకసారి మనసులోకి తెచ్చుకోండి. గోదావరి, కృష్ణ, మన మూసీ అన్నీ పడమర నుంచి తూర్పుకే పారుతున్నాయి. దక్కను పీఠభూమి మొత్తం మీద తూర్పుకు వాలి వుంది. అంటే మన వైపు నేల సహజంగా ఎటు వాలుతుందో సూత్రం దాదాపు అదే చెబుతోంది. యిక గాలి. జూన్ నుంచి సెప్టెంబరు వరకు వానగాలి నైరుతి నుంచి, పడమర నుంచి కొడుతుంది. ఆ వైపు మెరకగానో, మందపు గోడగానో, చెట్లుగానో వుంటే ఇంటికి జల్లు తగలదు. వాన నీరు పునాదిలో నిలవకుండా ముందుకు జారిపోతుంది.

మూడవది ఎండ. మన అక్షాంశం సుమారు పదిహేడున్నర డిగ్రీలు. మే రెండవ వారంలో ఒకరోజు, ఆగస్టు మొదటి వారంలో మరొకరోజు మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన వుంటాడు, నిలబెట్టిన కర్రకు నీడ వుండదు. ఆ రెండు రోజుల మధ్య కాలంలో మధ్యాహ్న సూర్యుడు మనకు ఉత్తరాన వుంటాడు. ఈ మాట చెబితే చాలామంది నమ్మరు, కర్ర పాతి చూసుకోవచ్చు. కాబట్టి ఎండాకాలంలో ఇంటిని కాల్చేది దక్షిణ గోడ కాదు, పడమటి గోడ. సాయంత్రం నాలుగు గంటల ఎండ ఏటవాలుగా వచ్చి గోడకు నేరుగా తగులుతుంది. ఏ చజ్జా దాన్ని ఆపలేదు. మా పాత ఇంట్లో పడమటి మట్టిగోడ రెండడుగుల మందం. పగలు తాగిన వేడి లోపలికి చేరేసరికి రాత్రి అయ్యేది, అప్పటికి మేమంతా వాకిట్లో మంచాలు వేసుకొని పడుకునేవాళ్ళం. నైరుతిలో బరువు పెట్టమన్న మాటకు నాకు దొరికిన అర్థం ఇది.

ఆగ్నేయంలో వంటిల్లు కూడా ఇలాంటిదే. కట్టెల పొయ్యి పొగను పడమటి గాలి ఇంట్లోకి కాక బయటికి తోస్తుంది. తెల్లవారే ఎండ వచ్చి తడి ఆరుతుంది. గ్యాసు పొయ్యి వచ్చాక పొగ కారణం పోయింది, ఎండ కారణం మిగిలింది. వీధిపోటు సంగతి నాయనమ్మను అడిగితే వివరించనక్కర లేకుండా చెప్పింది: ఎడ్లు బెదిరిన బండి నేరుగా వచ్చేది ఆ ఇంటి మీదికే, గట్టి వాన పడితే వీధి నీరంతా వచ్చేదీ ఆ దర్వాజలోకే. ఇప్పుడు ఎడ్లబండికి బదులు లారీ అనుకోండి.

ఇంతవరకు శాస్త్రం పక్షమే మాట్లాడాను. ఇప్పుడు చైనావారి సంగతి చూద్దాం. వాళ్ళకూ ఇలాంటి శాస్త్రం వుంది, పేరు ఫెంగ్ షుయి. ఆ రెండు మాటలకు అర్థం గాలి, నీరు అని మాత్రమే. అందులో మంచి ఇంటికి వెనుక, అనగా ఉత్తరాన కొండ వుండాలి. ముందు దక్షిణాన ఖాళీ, నీరు వుండాలి. ముఖం దక్షిణానికి! మనం ఏ ముఖాన్ని చూసి పారిపోతున్నామో వాళ్ళు దాన్నే కోరుకుంటారు. మరి వాళ్ళు చెడిపోయారా? బీజింగు నలభై డిగ్రీల అక్షాంశం మీద వుంది. చలికాలంలో మంగోలియా వైపు నుంచి గడ్డకట్టించే గాలి ఉత్తరం నుంచి వస్తుంది, కొండ దాన్ని అడ్డుకుంటుంది. డిసెంబరులో మధ్యాహ్న సూర్యుడు దక్షిణాన సుమారు ఇరవై ఏడు డిగ్రీల ఎత్తులోనే వుంటాడు, ఆ కాస్త ఎండ కిటికీలోంచి ఇంటి లోపలి దాకా రావాలి. వాళ్ళ సూత్రం వాళ్ళ చలికి పుట్టింది, మన సూత్రం మన ఎండకు, వానకు పుట్టింది. బీజింగు సూత్రాన్ని కౌకూర్‌కు తెస్తే ఎంత తప్పో, మన సూత్రాన్ని దాని కారణం విడిచి వల్లించడమూ అంతే తప్పు.

ఇక నేల పరీక్ష. ఆరవ శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో రెండు పరీక్షలు చెప్పాడు. మూరెడు గుంత తవ్వి, తీసిన మన్నుతోనే పూడ్చాలి. మన్ను మిగిలితే మంచి నేల, సరిపోతే మధ్యమం, చాలకపోతే చెడ్డది. రెండవది, గుంత నిండా నీళ్ళు పోసి నూరు అడుగులు వెళ్ళి తిరిగి రావాలి. నీరు తగ్గకుండా వుంటే మంచిది. చదవగానే నాకు ఆశ్చర్యం వేసింది. గట్టిపడిన నేలను తవ్వితే మన్ను పొంగుతుంది, పోసిన నేల లేదా బోలు నేల అయితే తరుగు వస్తుంది. ఈనాటి ఇంజనీర్లు సెప్టిక్ ట్యాంకు కట్టేముందు గుంతలో నీళ్ళు పోసి ఎంతసేపటికి ఇంకుతాయో చూస్తారు, అది ఈ రెండవ పరీక్షకు తమ్ముడే.

నేనూ, మా చిన్నాయన కొడుకూ గడ్డపార పట్టుకొని రెండు ప్లాట్లలోనూ తవ్వినాం. ఫలితం నన్ను ఇరుకున పెట్టింది. మొదటి ప్లాటులో నల్లటి బంకమట్టి. పెళ్ళలు పెళ్ళలుగా లేచి, పూడ్చితే రెండు తట్టలు మిగిలింది. నీళ్ళు పోస్తే కదలలేదు. రెండు పరీక్షల్లోనూ ఫస్టు క్లాసు! మెరక మీది మొరం నేలలో మన్ను కొంచెమే మిగిలింది. నూరు అడుగులు వేసి వచ్చేసరికి నీరు నాలుగు వేళ్ళ మేర దిగిపోయింది. పుస్తకం ప్రకారం చెడ్డ ప్లాటుకే మంచి మార్కులు వచ్చాయి.

ఎందుకిలా జరిగిందో మా జియాలజీ లెక్చరర్‌గారిని అడిగితే ఒకే ప్రశ్న వేశారు: "ఆ నల్లమట్టి మే నెలలో ఎలా వుంది?" పగుళ్ళు పట్టి వుంది. చెయ్యి దూరేంత పగుళ్ళు. నల్లమట్టిలో వుండే ఒక రకం బంక ఖనిజం నీళ్ళు తాగి ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. ఏటేటా ఉబ్బీ ముడుచుకునే నేల మీద పునాది వేస్తే గోడలకు కూడా పగుళ్ళే. నీరు కదలకపోవడానికి కారణం నేల గట్టితనం కాదు, బంకమట్టి నీటిని లోపలికి దిగనివ్వదు. పైగా వానాకాలంలో అక్కడ ఊట జానెడు లోతులోనే వుంటుందని నాయనమ్మకు ముందే తెలుసు. ఆ నేలను రైతులు జాలు భూమి అంటారు.

వరాహమిహిరుడిని మాత్రం తప్పుపట్టలేను. ఆయనే అదే గ్రంథంలో భూగర్భజలం జాడలు తెలిపే అధ్యాయం రాశాడు. పుట్ట వున్నచోట కింద నీరుంటుందని అందులో చాలాసార్లు అంటాడు. పుట్టలున్న చోట ఇల్లు వద్దని కూడా మన వాళ్ళు అంటారు. రెండూ కలిపి చదివితే అర్థమవుతుంది: బావికి మంచి చోటు ఇంటికి మంచి చోటు కాదు. చెదలు దర్వాజ తినడం అదనం.

అసలు శికం అంటే ఏమిటో పట్నం మిత్రుల కోసం చెప్పాలి. చెరువు గాని కుంట గాని నిండినప్పుడు నీరు పరుచుకునే నేల శికం. కరువు సంవత్సరాల్లో అది ఎండి మామూలు పొలం లాగే కనబడుతుంది. "ఎండిననాడు అండ్ల మేం దోసకాయలు పెట్టినం. నిండిననాడు మీ తాత మోకాలి లోతుల నడిసి బర్రెను తోలుకొచ్చిండు" అన్నది నాయనమ్మ. ఇప్పటి ఇంజనీర్ల భాషలో దీన్ని పూర్తి నీటిమట్టం అంటున్నారు. 2012 నాటి భవన నిబంధనల ప్రకారం పది హెక్టార్లు, అంతకన్నా పెద్ద చెరువుకు ఆ మట్టం నుంచి ముప్ఫై మీటర్లు, చిన్న కుంటకైతే తొమ్మిది మీటర్లు ఏమీ కట్టరాదు. నిబంధనలు రాకముందు ఊళ్ళో ఆ గీత నాయనమ్మల జ్ఞాపకంలో వుండేది.

ఆ గీత చెరిపేస్తే ఏమవుతుందో మన నగరానికి తెలియని సంగతి కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని తీసుకుపోయింది. ఆ తర్వాతే విశ్వేశ్వరయ్యగారిని పిలిపించారు, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టించారు. 2000 ఆగస్టులోనూ, 2020 అక్టోబరులోనూ మునిగిన కాలనీలు చాలామట్టుకు చెరువుల్లో, నాలాల దారిలో లేచినవే. ఆ ఇళ్ళలో తూర్పు ముఖం ఇళ్ళు ఎన్ని వుండి వుంటాయి! నీరు ముఖం చూసి రాలేదు, మట్టం చూసి వచ్చింది.

దోమల సంగతి వేరే. మలేరియా క్రిమి దోమ కడుపులో వుంటుందని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న కనిపెట్టింది మనకు దగ్గర్లోనే, బేగంపేటలో. ఆ కట్టడం ఉస్మానియా యూనివర్సిటీ అధీనంలోనే వుంది, చూడనివాళ్ళు ఒక ఆదివారం వెళ్ళి రావచ్చు. నిలవ నీటి పక్కన ఇల్లు వద్దనడానికి ఆ ఒక్క ఆవిష్కరణ చాలు.

లేఔట్లలో వాస్తు పాటించేవాళ్ళు గమనించని విషయం ఒకటి వుంది. బోరు ఈశాన్యంలో, సెప్టిక్ ట్యాంకు వాయవ్యంలో అంటారు. ఒంటరి ఇంటికి బాగానే వుంది. కాని వరుసగా ప్లాట్లున్నచోట కాగితం మీద గీసి చూడండి: నా వాయవ్య మూల నా పడమటి పొరుగువాడి ఈశాన్య మూలకు ఆనుకొని వుంటుంది. అంటే ఇద్దరం శాస్త్రం తప్పకుండా పాటిస్తే నా సెప్టిక్ ట్యాంకు సరిగ్గా వాళ్ళ బోరు పక్కకు వస్తుంది! మా తూర్పు పొరుగువాళ్ళది మా బోరు పక్కకు. పూర్వం ఇంటికి ఇల్లు ఎడంగా వుండేది, బావికీ పశువుల కొట్టానికీ మధ్య వాకిలంతా అడ్డు వుండేది. ముప్ఫై అడుగుల వెడల్పు ప్లాటులో ఆ ఎడం ఎక్కడ తెస్తాం? పైగా మన గ్రానైటు నేలలో బోరు నీరు రాతి పగుళ్ళ వెంట వస్తుంది, మూల చూసి రాదు.

ఆయం లెక్క మాటేమిటి అని అడిగారు మా రూమ్మేటు. పొడవు వెడల్పులు గుణించి, ఎనిమిదితో భాగించి, మిగిలిన దాన్నిబట్టి ధ్వజం, సింహం అంటే మేలు, ధూమం, కాకం అంటే కీడు అనడానికి నాకు ఏ కారణమూ దొరకలేదు. దొరకనప్పుడు కల్పించి చెప్పడం సైన్సు చదివినవాడు చెయ్యదగిన పని కాదు.

మా ఇంటి సంగతి ముగిస్తాను. నేను రెండు పేజీల నిండా రాసి నాయినకు చదివి వినిపించినాను. ఆయన విని, "సరే, ఒక్క వాన పడనీ" అన్నాడు. జూలైలో పడింది. మరునాడు పొద్దున ముగ్గురం గొడుగులు పట్టుకొని పోయినాం. మొదటి ప్లాటుకు ఈశాన్యపు హద్దురాయి కనబడలేదు. నాయిన కొంతసేపు నిలబడి చూసి, బీడీ ముట్టించుకోబోయి జేబులో పెట్టుకున్నాడు. అప్పటికే ఇచ్చిన బయానా సగమే తిరిగి వచ్చింది.

మెరక మీద దక్షిణ ముఖం ప్లాటులో ఇప్పుడు బేస్‌మెంటు దాకా లేచింది. పడమటి గోడ మిగతా వాటికన్నా మందంగా కట్టమని మేస్త్రికి నేనే చెప్పినాను. వంటిల్లు మాత్రం ఆగ్నేయంలోనే వుండాలని నాయనమ్మ పట్టుబట్టింది. అక్కడ పొద్దుటి ఎండ బాగా పడుతుంది కాబట్టి నేనేమీ అనలేదు.

— బి.ఎస్సీ. మూడవ సంవత్సరం విద్యార్థి